స్టెంట్ వేసిన గుండె, వాచిన బొటనవేలు, మధ్యలో యూరిక్ యాసిడ్

గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్న వాళ్ల ఇంట్లోవాళ్లు ఫైలు చంకలో పెట్టుకుని మా కౌంటర్ దగ్గరికి వస్తే, ఈమధ్య ముందుగా వేలు పెట్టి చూపించేది కొలెస్ట్రాల్ కాదు, షుగరూ కాదు. పక్కన నక్షత్రం గుర్తు పడి ఉన్న యూరిక్ యాసిడ్ అంకె. "మేడం, ఇది ఎనిమిదిన్నర ఉండాది. దీనివల్లేనా అటాక్ వచ్చింది? మరి దీనికి మాత్ర ఎందుకు రాయలేదు?" అని అడుగుతారు. కొందరైతే అడగడానికి ముందే పక్క మెడికల్ షాపులో మాత్ర కొనేసి, స్ట్రిప్ చేతిలో పట్టుకునే వస్తారు.

నేను నెల్లూరు పొగతోటలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పొగతోట గురించి ఈ జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు. ఏ సందులో చూసినా ఆసుపత్రి, ఆసుపత్రి పక్కనే మందుల షాపు, ఆ పైన ఒక ల్యాబ్. కావలి, ఆత్మకూరు, ఉదయగిరి నుంచే కాదు, ఒంగోలు దిక్కు నుంచి కూడా వస్తారు. నేను డాక్టర్‌ని కాదు, మందు రాయను. కానీ రక్తం తీసేదీ, ఆ అంకె వేసేదీ నేనే. పైగా మా పెద్దమామకి గుండెపోటు వచ్చినప్పుడు ఈ అంకె మా ఇంట్లోనే పెద్ద గొడవ అయింది. అప్పుడు డాక్టర్లని విసిగించి అడిగి, కూర్చుని చదివి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ అంకె ఎట్టా వస్తుందో చెప్తాను. ఎర్ర మూత ట్యూబులో తీసిన రక్తం గడ్డకట్టాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే గడ్డ అడుక్కి పోయి, పైన ఎండుగడ్డి రంగులో సీరం తేరుకుంటుంది. అందులోంచి పాతిక మైక్రోలీటర్లు, అంటే ఒక చిన్న చుక్క, రీజెంట్‌లో కలిపి 37 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచితే ద్రవం గులాబీ రంగుకి తిరుగుతుంది. యూరిక్ యాసిడ్ ఎంత ఎక్కువ ఉంటే రంగు అంత చిక్కగా వస్తుంది. మెషీన్ చదివేది ఆ రంగునే. ఆ రీజెంట్ సీసాలో ఉండే ముఖ్యమైన ఎంజైమ్ పేరు యూరికేజ్. అది యూరిక్ యాసిడ్‌ని విరగ్గొడుతుంది. చాలా జంతువుల కాలేయంలో ఈ ఎంజైమ్ ఉంటుంది, మనిషికి మాత్రం ఏనాడో పోయింది. ఒంగోలు గిత్తకి ఉంది, దాన్ని తోలే రైతుకి లేదు. అందుకే మన ఒంట్లో యూరిక్ యాసిడ్ పేరుకుంటుంది. మూడింట రెండు వంతులు మూత్రంలో, మిగతాది పేగుల గుండా బయటికి పోవాల్సిందే, వేరే దారి లేదు. రిపోర్టుల్లో మామూలుగా మగవాళ్లకి 7 మిల్లీగ్రాముల దాకా, ఆడవాళ్లకి 6 దాకా నార్మల్ అని వేస్తాం. 6.8 దాటితే అది రక్తంలో కరిగి ఉండలేక స్ఫటికాలు కట్టే అవకాశం మొదలవుతుంది.

ఇక గుండెపోటు సంగతి. ఒంట్లో ప్రతి కణమూ ఏటీపీ అనే దాన్ని ఖర్చుపెట్టి బతుకుతుంది. రక్తనాళం మూసుకుపోయి గుండె కండరానికి ఆక్సిజన్ అందకపోతే ఆ ఏటీపీ మళ్లీ తయారవదు, విరిగి ముక్కలవుతుంది. ఆ ముక్కల్లో ఒకటి హైపోజాంథిన్. జాంథిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ దాన్ని యూరిక్ యాసిడ్‌గా మారుస్తుంది. మార్చే క్రమంలో రక్తనాళాల లోపలి పొరని దెబ్బతీసే ఆక్సిజన్ రాడికల్స్‌ని కూడా పుట్టిస్తుంది. అది ఒక దారి. రెండో దారి ఇంకా పెద్దది: గుండె పంపింగ్ తగ్గితే కిడ్నీలకి రక్తం సరిగ్గా వెళ్లదు, బయటికి పోవాల్సిన యూరిక్ యాసిడ్ లోపలే ఉండిపోతుంది. మూడోది, ఆ మనిషికి ముందునుంచే ఉన్న బీపీ, షుగర్, పొట్ట, కిడ్నీ జబ్బు. గుండెపోటు తెచ్చేవీ అవే, యూరిక్ యాసిడ్‌ని పెంచేవీ అవే.

కాబట్టి గుండెపోటుతో చేరిన మనిషికి ఈ అంకె ఎక్కువ వచ్చిందంటే దాన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఊపిరితిత్తుల్లో నీరు ఎంత చేరింది, బీపీ ఎంత పడిపోయింది అనేవి చూసి గుండెపోటు పేషెంట్లని నాలుగు తరగతులుగా విభజించే పద్ధతి 1967 నుంచి ఉంది. దాన్ని కిల్లిప్ క్లాస్ అంటారు. స్టెతస్కోప్ వీపు మీద పెట్టి వింటే తెలిసిపోయే విషయం అది. కిల్లిప్ క్లాస్ పెరిగేకొద్దీ యూరిక్ యాసిడ్ కూడా పెరుగుతుందని చాలా చోట్ల చూశారు. జపాన్‌లో వెయ్యిమందికి పైగా గుండెపోటు పేషెంట్లని గమనించి 2005లో రాసిన పేపర్లో, చేరినప్పుడు యూరిక్ యాసిడ్ బాగా ఎక్కువగా ఉన్నవాళ్లలో తర్వాత మరణాలు ఎక్కువగా ఉన్నాయని తేలింది. అంటే ఆ అంకె డాక్టర్‌కి ఒక మాట చెప్తోంది: ఈ మనిషి గుండె, కిడ్నీ రెండూ అలిసిపోయి ఉన్నాయి, ఒక కన్ను వేసి ఉంచండి అని.

మరి ఆ అంకెని మాత్రతో దించేస్తే గుండె బాగుపడుతుందా? నన్ను అందరూ అడిగేది ఇదే. ఇది ఊహించి చెప్పే విషయం కాదు, మనుషుల మీద చూసి చెప్పాలి. అట్టా చూశారు కూడా. బ్రిటన్‌లో 60 ఏళ్లు దాటిన, గుండె రక్తనాళాల జబ్బు ఉన్న, గౌట్ (యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీళ్లలో చేరి వాచే జబ్బు) లేని 5,721 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి మామూలు గుండె మందులతో పాటు యూరిక్ యాసిడ్‌ని తగ్గించే అల్లోప్యురినాల్‌ని రోజుకి 600 మిల్లీగ్రాముల దాకా ఇచ్చారు. సుమారు ఐదేళ్లు గమనించారు. ఫలితాలు 2022లో వచ్చాయి. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం అన్నీ కలిపి చూస్తే మాత్ర వేసుకున్న వాళ్లలో 11.0 శాతం, వేసుకోని వాళ్లలో 11.3 శాతం. తేడా లేనట్టే. వాళ్లని యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉందని ఏరి తీసుకోలేదు, అది గుర్తుపెట్టుకోవాలి. అయినా ఇంత పెద్ద పరిశీలనలో లాభం కనిపించనప్పుడు, నెత్తి మీద ఇప్పటికే ఏడెనిమిది రకాల మాత్రలున్న మనిషికి కాళ్లలో నొప్పీ లేకుండా, కిడ్నీలో రాయీ లేకుండా ఇంకో మాత్ర తగిలించడానికి డాక్టర్ వెనకాడితే అది నిర్లక్ష్యం కాదు. సరిగ్గా ఆలోచించడమే.

మామకి ఈ సంగతి అర్థమయ్యేట్టు చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. మామకి విడవలూరు పక్కన రొయ్యల గుంటలున్నాయి. చివరికి ఆయన భాషలోనే అడిగాను. "మామా, తెల్లారుజామున రొయ్యలు పైకి తేలి గట్టు పక్కకి వస్తే నువ్వేం చేస్తావు? వాటిని లోపలికి నెడతావా?" అన్నాను. "నెట్టేదేందమ్మాయ్, ఆక్సిజన్ పడిపోయిందని ఏరియేటర్లు వేస్తా గానీ" అన్నాడు. "ఈ అంకె కూడా అట్టా పైకి తేలిందే మామా" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. "అయితే లోపల ఏం తగ్గిందో చూడమను మీ డాక్టర్‌ని" అన్నాడు.

మామకి గుండెపోటు పోయిన ఎండాకాలంలో వచ్చింది. రాత్రి గుంటల దగ్గర కరెంటు పోయి, జనరేటర్ మొరాయించి, ఆ టెన్షన్‌లో ఉండగా ఎద మీద బరువు మొదలైందంట. గ్యాస్ అనుకుని సోడా తాగాడు. చెమటలు చూసి మా అత్త వినకుండా కారెక్కించింది. ఆ ఒక్క పనితో మనిషి దక్కాడు. స్టెంట్ వేశారు. ఊపిరితిత్తుల్లో నీరుందని నీరు లాగే మాత్ర, ఫ్రూసెమైడ్, ఇచ్చారు. అప్పుడు యూరిక్ యాసిడ్ 8.9, కిడ్నీ ఎట్టా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ 1.5.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. గుండె జబ్బుకి ఇచ్చే మందుల్లోనే కొన్ని యూరిక్ యాసిడ్‌ని పెంచుతాయి. నీరు లాగే మాత్రలు పెంచుతాయి. బీపీకి ఇచ్చే థయాజైడ్ రకం మాత్రలూ అంతే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే చిన్న డోసు ఆస్పిరిన్ కిడ్నీలో యూరిక్ యాసిడ్ బయటికి పోకుండా కొంత ఆపుతుంది. అదే పనికి ఇచ్చే టికాగ్రెలార్ కూడా కొంత పెంచుతుంది. మామ గుంటల దగ్గర ఎవరో ఫోన్‌లో చదివి, "ఆస్పిరిన్ వల్లే నీకు పెరిగింది, ఆపెయ్" అన్నారంట. నాకు ఆ మాట వింటే ఇప్పటికీ వణుకొస్తుంది. కొత్తగా స్టెంట్ వేసిన మనిషి రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టి ప్రాణం మీదికి వస్తుంది. యూరిక్ యాసిడ్ పెరిగితే వచ్చే నష్టం నెమ్మదిది, దానికి టైముంది. స్టెంట్ మూసుకుపోతే టైముండదు. ఏ మాత్ర ఆపాలన్నా రాసిన డాక్టర్‌నే అడగండి. వాళ్ల చేతిలో వేరే దారులుంటాయి. మామ విషయంలో నీరు తగ్గాక ఫ్రూసెమైడ్ ఆపేశారు, బీపీ మాత్రని లోసార్టాన్‌కి మార్చారు. లోసార్టాన్‌కి యూరిక్ యాసిడ్‌ని కొంచెం బయటికి పంపే గుణం ఉంది. అందుకోసం ప్రత్యేకంగా ఒక మాత్ర కలపకుండానే కొంత పని జరుగుతుంది.

కానీ ఆ మార్పులన్నీ అయ్యేలోపే బొటనవేలు వాచింది.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కొన్ని వారాలకి ఒకరోజు అర్ధరాత్రి కుడికాలి బొటనవేలు మంటలు మొదలైనాయి. నేను తెల్లారి వెళ్లి చూసేసరికి వేలి మొదట్లో కణుపు ఎర్రగా, చర్మం బిగుసుకుపోయి మెరుస్తోంది. దుప్పటి అంచు తగిలినా కేకపెడుతున్నాడు. ఫ్యాన్ గాలికి కూడా నొప్పి అంటున్నాడు. అత్త ఏదో కుట్టిందేమో అని పసుపు రాసి పెట్టింది. గౌట్ అంటే ఏందో నేను అంతకుముందు పుస్తకంలో చదివాను గానీ, ఎండలో, వానలో గుంటల గట్ల మీద తిరిగిన మనిషి ఒక వేలి దగ్గర అట్టా ఏడవడం చూడలేకపోయాను.

ఈలోపు ఊళ్లో ఆర్‌ఎంపీని పిలిచారు. ఆయన సంచిలోంచి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ తీశాడు. మన పల్లెల్లో ఏ నొప్పికైనా అదే కదా. ఆయన మంచివాడే, అర్ధరాత్రి పిలిచినా వస్తాడు. కానీ నేను చెయ్యి అడ్డం పెట్టాను. గుండెపోటు వచ్చిన వాళ్లకి ఈ రకం నొప్పుల మందులు ప్రమాదం. డెన్మార్క్‌లో గుండెపోటు వచ్చి బతికిన 83,000 మందికి పైగా రికార్డులు చూసి 2011లో చెప్పింది ఇదే: కొద్దిరోజులు వాడినా మళ్లీ గుండెపోటు వచ్చే ముప్పు, మరణం ముప్పు పెరుగుతున్నాయి, డైక్లోఫెనాక్ విషయంలో అయితే మొదటి రోజుల నుంచే. దానికి తోడు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మాత్రల మీద ఉన్న మనిషికి కడుపులో రక్తం కారే భయం, అలిసిన కిడ్నీకి ఇంకో దెబ్బ, ఒంట్లో నీరు నిలబడటం. "అన్నా, స్టంటు వేసి నెల కూడా సరిగ్గా కాలేదు, డాక్టర్‌కి ఫోన్ చేస్తా ఆగండి" అంటే ఆయన కూడా ఆగాడు. మా కార్డియాలజిస్ట్ ఫోన్‌లోనే వద్దన్నారు. ఆ పూట ఐస్ పెట్టమన్నారు, మనిషిని తీసుకొచ్చాక చూసి గౌట్ వాపు తగ్గించే కాల్చిసిన్ తక్కువ డోసులో రాశారు. కిడ్నీ రిపోర్టు చూసి మరీ రాశారు. విరేచనాలు పట్టుకున్నా, కొలెస్ట్రాల్ మాత్రతో కలిసి కండరాలు పీకినా, నీరసించినా వెంటనే చెప్పమన్నారు. రెండు మూడు రోజుల్లో వాపు దిగింది.

ఈ కాల్చిసిన్ మీద గుండె డాక్టర్లలో ఇంకో చర్చ కూడా నడుస్తోంది. గుండెపోటు తర్వాత తక్కువ డోసులో వాడితే మళ్లీ ముప్పు తగ్గుతుందని 2019లో ఒక పెద్ద పరిశీలన చూపించింది, 2024లో ఏడు వేలమందికి పైగా మీద జరిగిన ఇంకోదాంట్లో ఆ లాభం కనపడలేదు. అది వాళ్ల చర్చ. మనం షాపులో కొని వేసుకునే మందు మాత్రం కాదు.

గౌట్ వచ్చిందని తేలాక లెక్క మారింది. కీళ్లలో స్ఫటికాలు చేరిన మనిషికి యూరిక్ యాసిడ్ తగ్గించడం అవసరమే. వాపు పూర్తిగా తగ్గాక అల్లోప్యురినాల్ తక్కువ డోసుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచారు, 6 కిందికి రావాలని. మొదటి నెలల్లో ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, జ్వరం వస్తే మాత్ర ఆపి అప్పటికప్పుడు రమ్మన్నారు. అరుదే గానీ చర్మం ఊడిపోయేంత ప్రమాదకరమైన రియాక్షన్ ఆ మందుతో వస్తుంది. మన షాపుల్లో అడిగితే చప్పున చేతిలో పెట్టేది యూరిక్ యాసిడ్‌ని తగ్గించే ఇంకో మందు, ఫెబుక్సోస్టాట్. గుండె జబ్బూ గౌటూ రెండూ ఉన్నవాళ్ల మీద 2018లో వచ్చిన ఫలితాల్లో అల్లోప్యురినాల్ వాడిన వాళ్లకంటే అది వాడిన వాళ్లలో గుండె మరణాలు ఎక్కువ కనిపించాయి. దాంతో 2019లో అమెరికా ఔషధ సంస్థ పెట్టె మీద హెచ్చరిక వేయించింది. 2020లో యూరప్‌లో చేసిన ఇంకో పరిశీలన ఆ తేడా లేదంది. ఏది వాడాలో గుండె సంగతి తెలిసిన డాక్టర్ తేల్చాల్సింది, కౌంటర్ వెనక కుర్రాడు కాదు.

తిండి విషయంలో మన ఇళ్లలో జరిగేది చూస్తే నాకు బాధేస్తుంది. యూరిక్ యాసిడ్ అనగానే ముందు పప్పు బంద్ చేస్తారు. తర్వాత పాలకూర, టమాటా, వంకాయ. పాపం ఆ మనిషి మజ్జిగన్నం, ఊరగాయతో మిగులుతాడు, ఆ ఊరగాయ ఉప్పు గుండెకి ఇంకో తంటా. అమెరికాలో 47,150 మంది మగవాళ్లని 12 ఏళ్లు గమనించి 2004లో చెప్పిన లెక్క వేరు: మాంసం, చేపలు, రొయ్యల్లాంటివి ఎక్కువ తినేవాళ్లకి గౌట్ ఎక్కువ వచ్చింది. ప్యూరిన్లు (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు) ఉన్న కూరగాయలు, పప్పులు తినడంతో దానికి సంబంధం కనపడలేదు. పాలు, పెరుగు తినేవాళ్లకి తక్కువ వచ్చింది. మామ ఇంట్లో పప్పు ఆపేశారు గానీ ఎండు నెత్తళ్ల వేపుడు, ఆదివారం తలకాయ కూర, లివర్ నడుస్తూనే ఉన్నాయి. గుంటల దగ్గర బీరు, పగలంతా దాహానికి కూల్‌డ్రింకులు. బీరులో ప్యూరిన్లే ఉన్నాయి. కూల్‌డ్రింకు చక్కెరలో సగం ఫ్రక్టోజ్, అది కాలేయంలో ఏటీపీని ఖర్చు చేయించి యూరిక్ యాసిడ్‌ని పుట్టిస్తుంది. చేపల పులుసు మానేయమని నెల్లూరు మనిషికి చెప్పడం నాకూ ఇష్టం లేదు, డాక్టర్ కూడా చెప్పలేదు. వారానికి ఒకట్రెండు సార్లు, కొద్దిగా అన్నారు. బీరు, లివర్, కూల్‌డ్రింకు మాత్రం పూర్తిగా ఆపమన్నారు. తిండి ఎంత కట్టుదిట్టం చేసినా అంకె సుమారు ఒక మిల్లీగ్రాము మాత్రమే దిగుతుందనీ, మిగతాది కిడ్నీ చేతిలో ఉందనీ కూడా చెప్పారు. అది విన్నాక అత్త మనసు కుదుటపడింది. అప్పటిదాకా తన వంటే కారణమని లోలోపల కుమిలిపోతోంది.

నీళ్ల సంగతి ఇంకొకటి. "యూరిక్ యాసిడా, రోజుకి నాలుగు లీటర్లు తాగు" అని ప్రతివాళ్లూ చెప్తారు. రోహిణి కార్తె ఎండల్లో గట్ల మీద తిరిగే ఆరోగ్యవంతుడికి ఆ మాట మంచిదే, ఒంట్లో నీరు తగ్గినా యూరిక్ యాసిడ్ పెరుగుతుంది కాబట్టి. కానీ గుండెపోటు తర్వాత పంపింగ్ బాగా తగ్గిన వాళ్లకి డాక్టర్ రోజుకి ఇంతే నీళ్లు అని కట్టడి పెట్టి ఉండొచ్చు. వాళ్లు నాలుగు లీటర్లు తాగితే ఆ నీరు కాళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. రాత్రి పడుకుంటే ఆయాసం వచ్చి మళ్లీ ఐసీయూకి వచ్చిన వాళ్ల దగ్గర నేను శాంపిల్ తీశాను. మీ ఎకో రిపోర్టులో పంపింగ్ ఎంతో, మీకు ఎంత నీరు చెప్పారో అడిగి కాగితం మీద రాయించుకోండి.

మామకి ఇప్పుడు 5.8 ఉంది, క్రియాటినిన్ 1.2కి వచ్చింది. మళ్లీ గుంటల దగ్గరికి పోతున్నాడు, జనరేటర్ కొత్తది కొన్నారు.

మా దగ్గరికైనా, వేరే ల్యాబ్‌కైనా యూరిక్ యాసిడ్ పరీక్షకి వచ్చేటప్పుడు వాడుతున్న స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని రండి. గుండెపోటుతో చేరిన రోజుల్లో తీసిన అంకెని పట్టుకుని కంగారు పడొద్దు, డాక్టర్ చెప్పినప్పుడు మళ్లీ చేయించండి, దాంతోపాటు క్రియాటినిన్ కూడా చేయించండి. కీలు వాచి ఉన్న రోజున చేస్తే గౌట్ ఉన్నవాళ్లకి కూడా నార్మల్ రావచ్చు, వాపు తగ్గిన రెండు వారాల తర్వాత ఇంకోసారి చూడాలి. విటమిన్ సి మాత్రలు ఎక్కువ డోసులో వేసుకుంటుంటే రక్తం ఇచ్చే ముందే మాకు చెప్పండి. అది ఆ గులాబీ రంగుని సరిగ్గా రానివ్వదు, ఉన్నదానికంటే అంకె తక్కువ చూపిస్తుంది.